పెద్దవాళ్ళ డాక్టరు

భీమవరంలో డాక్టర్ శాంతికుమార్ గారి ఆసుపత్రి వరండాలో పిల్లల కోసం చేయించిన పొట్టి బెంచీ ఒకటి ఉండేది. దాని మీద కూర్చుంటే గున్నేశ్వరరావు మోకాళ్ళు గడ్డం దాకా వచ్చేవి. అయినా అతని తల్లి అన్నపూర్ణమ్మ అతన్ని అక్కడే కూర్చోబెట్టేది. చుట్టూ ముక్కులు కారుతున్న పసివాళ్ళు, చంకల్లో బిడ్డలతో తల్లులు. మీసాలొచ్చిన ఈ కుర్రాడు ఏ బిడ్డని తీసుకొచ్చాడా అని వాళ్ళు అటూ ఇటూ వెతికేవారు.

అతనికి పదిహేడు నిండాయి. ఆరేళ్ళప్పుడు పెరుగన్నం తింటూ తల్లి ఒడిలోనే మొదటిసారి బిగుసుకుపోయాడు. అప్పటినుంచీ శాంతికుమార్ గారే చూస్తున్నారు. "కొంతమంది పిల్లలకి పద్నాలుగు, పదిహేనేళ్ళు వచ్చేసరికి దానంతటదే పోతుందమ్మా" అని ఆ రోజుల్లో ఆయన ఒక మాటన్నారు. అన్నపూర్ణమ్మ ఆ మాట పట్టుకుని బతికింది. పదిహేనేళ్ళు దాటాక ఆవిడ కొడుకు వయసు ఎవరికీ చెప్పడం మానేసింది. ఎవరైనా అడిగితే "చిన్నపిల్లాడండి" అనేది.

ఆ జబ్బుకి వాళ్ళింట్లో పేరు లేదు. "అది" అనేవారు. "నిన్న అది వచ్చింది", "అది వచ్చి నెల దాటింది" అంతే.

వాళ్ళది నరసాపురం. తండ్రి వెంకటరత్నానికి బజారులో తాళ్ళ కొట్టు ఉంది. పడవలకి కావలసిన మోకులు, వలనూలు, తారు డబ్బాలు, లాంతర్లు అమ్ముతారు. గోదావరి మీద బతికేవాళ్ళంతా ఆ కొట్టుకి వస్తారు. గున్నేశ్వరరావు మాత్రం గోదావరిలో కాలు పెట్టి ఎరగడు. ఏరు దాటించే పంటు ఎక్కలేదు. రేవు మెట్లు దిగలేదు. పదో తరగతిలో ఉండగా క్లాసులో అది వచ్చి, పిల్లలందరూ బెంచీలెక్కి చూశాక, అన్నపూర్ణమ్మ అతన్ని బడి మాన్పించింది. అప్పటినుంచీ కొట్టు వెనక భాగంలో, మోకుల చుట్టల మధ్య చాప మీద కూర్చుని వలనూలు ఉండలు చుడుతుండేవాడు. ఎప్పుడూ కళ్ళ మీద నిద్ర కమ్ముకుని ఉండేది. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు నోటి దాకా రావడానికి చాలాసేపు పట్టేది. కొట్టుకొచ్చేవాళ్ళు అతన్ని మందకొడి అనుకునేవారు. అతనూ అలాగే అనుకునేవాడు.

ఇంట్లో ఏ తలుపుకీ లోపల గడియ ఉండేది కాదు. వడ్రంగిని పిలిపించి తల్లి అన్నీ తీయించేసింది. అతను స్నానం చేస్తున్నంతసేపూ ఆవిడ తలుపు బయట పీట వేసుకుని కూర్చునేది.

"గున్నా?"

"ఊ."

మళ్ళీ రెండు చెంబులు పోసుకున్నాక, "గున్నా?"

"ఊ."

ఆ "ఊ" ఆలస్యమైతే తలుపు తోసుకుని వచ్చేసేది. అందుకని సబ్బు కళ్ళల్లో పడ్డా ముందు "ఊ" అనేవాడు.

దివిసీమలో ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, వానలు మొదలయ్యే ముందు, శాంతికుమార్ గారు అతన్ని పరీక్ష చేసి, స్టెతస్కోపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టారు.

"అమ్మా, వీణ్ణి ఇక నేను చూడకూడదు" అన్నారు.

అన్నపూర్ణమ్మ ముఖం పాలిపోయింది. "అదేంటండీ! మా వల్ల ఏదైనా పొరపాటు జరిగిందా?"

"పొరపాటు నాదేనమ్మా. నేను పిల్లల డాక్టర్ని. వీణ్ణి ఎప్పుడో పంపించాల్సింది. మీరు బతిమాలారని ఒక ఏడాది, పోనీలే అని ఇంకో ఏడాది లాక్కొచ్చాను. రాజమండ్రిలో డాక్టర్ సంపూర్ణమ్మ గారని ఉన్నారు. పెద్దవాళ్ళలో ఈ జబ్బు బాగా చూస్తారు. ఆవిడ దగ్గరికి వెళ్ళండి."

"మీ చేతుల్లో పెరిగిన పిల్లాడండి వీడు."

"పెరిగాడమ్మా. నేను చెప్పేదీ అదే."

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంది. "తగ్గిపోతుందన్నారు కదండీ" అంది.

"కొంతమందికి తగ్గుతుందన్నాను. వీడికి తగ్గలేదు."

గున్నేశ్వరరావు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ మాట అతని ముందే అన్నారు గానీ అతనితో అనలేదు. నరసాపురం వచ్చే బస్సులో తల్లి అతని చెయ్యి మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుని కూర్చుంది.

*

సంపూర్ణమ్మ గారి ఆసుపత్రిలో పొట్టి బెంచీలు లేవు. వరండా నిండా పెద్దవాళ్ళే. పంచెలు కట్టుకున్న రైతులు, ఆఫీసు గుమాస్తాలు, చేతిలో సంచీ పట్టుకుని ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళు. అన్నపూర్ణమ్మ పక్కన ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఆవిడ పక్కన నలభై ఏళ్ళ మనిషి. అతని ఒక చెంప, చెవి కాలి ముడుచుకుపోయి ఉన్నాయి. ముసలావిడ అతని నోటి చివర కొంగుతో తుడిచి, అరటిపండు ఒలిచి ముక్కలు చేసి నోట్లో పెడుతోంది.

"మీ అబ్బాయాండీ?" అని అడిగింది ముసలావిడ. "మా వీరభద్రానికి ముప్పై ఏళ్ళ పైబడి ఉందండి ఈ బాధ. ఒక్క క్షణం వదల్లేదు నేను. ఒక్కసారి పక్కింటికెళ్ళి మజ్జిగ తెచ్చుకుని వచ్చేసరికి పొయ్యిలో పడ్డాడు. అంతే, ఇంక ఆ తర్వాత గుమ్మం దాటలేదండి, నేనూ, వాడూ." గొంతు తగ్గించి, "నేను పోతే వీడికి ఎవరన్నదే బెంగ" అంది.

అన్నపూర్ణమ్మ లేచి, కొడుకు చెయ్యి పట్టుకుని వరండా ఆ చివరికి వెళ్ళి నిలబడింది. "మన వాడు అలా కాదు" అంది, ఎవరూ అడక్కుండానే.

గున్నేశ్వరరావు వెనక్కి తిరిగి చూశాడు. వీరభద్రం అతన్నే చూస్తున్నాడు. అరటిపండు నములుతూ, తనవాళ్ళలో ఒకణ్ణి చూసి పలకరించినట్టు నవ్వాడు. గున్నేశ్వరరావు తల తిప్పుకున్నాడు గానీ ఆ నవ్వు పోలేదు. తనూ అలా కూర్చుని ఉంటాడు. అమ్మ జుట్టు తెల్లబడి ఉంటుంది. ఇంకేమీ మారదు.

సంపూర్ణమ్మ గారు యాభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు, గట్టి గొంతు. ప్రశ్న అడిగేది గున్నేశ్వరరావుని, జవాబు చెప్పేది అన్నపూర్ణమ్మ. నాలుగైదు ప్రశ్నలయ్యాక డాక్టరు గారు కలం కింద పెట్టింది.

"అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి."

"వాడు చెప్పలేడండి."

"చెప్పలేకపోతే మళ్ళీ మిమ్మల్నే పిలుస్తాను."

తలుపు మూసుకుంది.  తల్లి లేకుండా, మూసిన తలుపు వెనక, పరాయి మనిషి ఎదుట ఉండటం అతనికి అదే మొదలు.

"గున్నా?" బయటినుంచి పిలుపు.

"ఊ" అన్నాడు.

డాక్టరు గారు తలెత్తింది. "ఎందుకన్నావు?"

"అమ్మ పిలిచింది కదండి."

"పిలిచిన ప్రతిసారీ అనాలా?"

"అనకపోతే లోపలికి వచ్చేస్తుందండి."

ఆవిడ నవ్వలేదు. కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంది. "మూర్ఛ వచ్చే ముందు నీకేమైనా తెలుస్తుందా?"

పదకొండేళ్ళలో ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. ఎంతసేపు నోరు తెరిచి ఊరుకున్నా ఆవిడ తొందరపెట్టలేదు.

"ఎడంచేతి బొటనవేలు నాది కాదనిపిస్తుందండి" అన్నాడు. "తర్వాత ఏదో కాలిన వాసన. మా కొట్లో తారు వాసన ఉంటుంది గానీ, ఇది అది కాదండి. ఆ తర్వాతేమీ తెలీదు. లేచేసరికి అమ్మ ఏడుస్తూ ఉంటుంది."

"అమ్మకి చెప్పావా ఈ సంగతి?"

"అడగలేదండి."

"నువ్వు వేసుకునే మాత్ర పేరేంటి?"

"తెల్లదండి. చిన్నది."

ఆవిడ నిట్టూర్చింది. "దాని పేరు ఫినోబార్బిటోన్. నీ నిద్రమత్తు చాలావరకు దాని వల్లే. ఇప్పుడు ఫినిటాయిన్ అని ఇంకోటి ఇస్తున్నాను. రెండూ కలిపి వేసుకోవాలి. పాతది నేను చెప్పినప్పుడే, నెలల మీద, కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఒక్కసారిగా మానితే ప్రమాదం. విన్నావా?"

తల ఊపాడు. కానీ వినలేదు. నీ నిద్రమత్తు దాని వల్లే, అన్న మాట దగ్గరే అతని మనసు ఆగిపోయింది. తను మందకొడి కాదా? ఇన్నేళ్ళూ తన బుర్ర అనుకున్నది ఒక మాత్రా?

"ఇది పూర్తిగా పోతుందని నేను చెప్పను" అంటోంది డాక్టరు గారు. "నీళ్ళల్లోకి, మంట దగ్గరికి ఒంటరిగా వెళ్ళకు. మిగతావన్నీ నువ్వు చెయ్యచ్చు. వచ్చే నెల నువ్వొక్కడివే రా. నీ మాట నువ్వే చెప్పుకోవాలి ఇక."

అన్నపూర్ణమ్మ లోపలికొచ్చి మందుల సంచీ తీసుకుంది.

*

ఇంటికి రాగానే కొత్త మాత్రల సీసా బియ్యం డ్రమ్ములోకి వెళ్ళిపోయింది. పొద్దున్నా, రాత్రీ అన్నపూర్ణమ్మ ఎప్పటిలాగే అతని నాలుక మీద తన చేత్తో పెట్టినవి ఆ చిన్న తెల్ల మాత్రలే. గున్నేశ్వరరావు అది చూశాడు.  అడ్డు చెప్పడానికి అతనికీ భయంగానే ఉంది. ఈ మాత్రలు మానితే ఏమవుతుందో ఎవరికి తెలుసు?

ఆవిడ కొడుకుని వెంటబెట్టుకుని మళ్ళీ భీమవరం వెళ్ళి శాంతికుమార్ గారి వరండాలో కూర్చుంది. ఆయన బయటికొచ్చి, "రాజమండ్రికే వెళ్ళండమ్మా. నేను చూస్తే వాడికి అన్యాయం చేసినవాణ్ణవుతాను" అని లోపలికి వెళ్ళిపోయారు. ఇంటికొచ్చి ఆవిడ చెప్పులు విప్పుతూ, "రాజమండ్రీ లేదు, ఏమీ లేదు. అక్కడికెళ్తే ఆరోగ్యంగా ఉన్నవాడికి కూడా జబ్బొస్తుంది. నేనున్నాను, నేను చూసుకుంటాను" అంది. 

ఆ సాయంత్రం గున్నేశ్వరరావు చాప మీద కూర్చుని వీరభద్రం తల్లిని తలుచుకున్నాడు. ఆవిడ కూడా ఇలాగే, నేనున్నాను, అనుంటుంది.

మర్నాడు తల్లి పెరట్లో ఉండగా బియ్యంలో చెయ్యి పెట్టి సీసా తీసి, కొన్ని మాత్రలు జేబులో వేసుకుని మళ్ళీ అక్కడే పెట్టాడు. ఆ రోజునుంచీ తల్లి పెట్టిన మాత్రని నాలుక కింద దాచి, ఆవిడ అటు తిరగ్గానే ఉమ్మేసి, కొత్తది మింగడం మొదలుపెట్టాడు. పాతదానికి బదులు కొత్తది అనుకున్నాడు. డాక్టరు గారు చెప్పింది అలాగేనని అతని నమ్మకం.

కొన్నాళ్ళకి కళ్ళ మీదినుంచి ఏదో బరువు లేచిపోయినట్టయింది. మోకు బారెడు ఇంతైతే పదకొండు బారలకి ఎంతో తండ్రి కంటే ముందే చెప్పాడు. వెంకటరత్నం ఆశ్చర్యపోయి కొడుకు వంక చూశాడు. ఎదురు కొట్టులో రేడియో పాడుతున్న పాట మాటలు వినిపించాయి, చాలా ఏళ్ళ తర్వాత. నిద్ర పట్టడం మానేసింది. చేతులు సన్నగా వణికేవి. అదీ మంచికే అనుకున్నాడు.

డాక్టరు గారు రమ్మన్న రోజు దగ్గరపడింది. వెంకటరత్నం ఎవరికో మోకు కొలుస్తూ, చేతులు చాచి బారలు లెక్కపెడుతుండగా గున్నేశ్వరరావు వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"నాన్నగారూ, రేపు నేను రాజమండ్రి వెళ్తానండి."

వెంకటరత్నం లెక్క తప్పాడు. కొనుక్కునే మనిషిని కాసేపాగి రమ్మన్నాడు. "ఎవరితో?"

"ఒక్కణ్ణే. ఆవిడ అలాగే రమ్మన్నారండి."

"దారిలో వస్తే?"

"ఇంట్లో కూడా వస్తోంది కదండి."

వెంకటరత్నం ఇంట్లో మాట్లాడే మనిషి కాదు. మాటలన్నీ భార్యవే. మోకు కొస చేతిలో పట్టుకుని దాని పీచులు విడదీస్తూ నిలబడ్డాడు. "మీ అమ్మకి నేను చెప్పలేనురా" అన్నాడు. కాసేపటికి, "నువ్వు వెళ్ళాక చెప్తాను" అన్నాడు.

పొద్దున్నే కొట్టు తీయడానికని ఇద్దరూ బయల్దేరి బస్టాండుకి వెళ్ళారు. బస్సు కదలబోతుండగా వెంకటరత్నం కిటికీ ఊచ పట్టుకుని, "కండక్టరుకి ఒక మాట చెప్పనా?" అని అడిగాడు.

"వద్దండి" అన్నాడు గున్నేశ్వరరావు. ఏ పేరు పెట్టి చెప్తాడు ఆయన మాత్రం?

*

పాలకొల్లు దాటింది. మార్టేరు దాటింది. సిద్ధాంతం వంతెన కింద గోదావరి పాయ వశిష్ఠ ఎర్రనీటితో నిండుగా ఉంది. పక్కన ఎవరూ మణికట్టు పట్టుకోలేదు. ఎవరూ పిలవలేదు. అలవాటుగా ఒకసారి లోలోపలే "ఊ" అనుకున్నాడు. భయంగా ఉంది, సంతోషంగానూ ఉంది. ఏది ఎంతో తెలియడం లేదు.

రావులపాలెంలో బస్సు ఆగింది. రోడ్డు పక్కన అరటి గెలలు గుట్టలు గుట్టలుగా పోసి ఉన్నాయి. లారీల్లోకి ఎక్కిస్తున్నారు. అతను కిటికీలోంచి చూస్తున్నాడు. ఎడంచేతి బొటనవేలు ఎవరిదో అయిపోయింది. లేవాలనుకున్నాడు. ఎవరితోనైనా చెప్పాలనుకున్నాడు. చెప్పడానికి మాట వెతుక్కుంటుండగానే కాలిన వాసన వచ్చేసింది.

తెలివి వచ్చేసరికి, బస్సులోంచి దించేశారు కాబోలు, వీపు కింద ఎండు అరటాకులు గరగరలాడుతున్నాయి. గుప్పిట్లో ఎవరో ఇనుప తాళాలు పెట్టారు. పైన గుండ్రంగా ముఖాలు. నాలుక కొరుక్కున్నట్టుంది, నోట్లో ఉప్పటి రుచి. పంట్లాం తడిసిపోయిందని తెలిసి కళ్ళు మళ్ళీ మూసుకున్నాడు.

"గాలి సోకిందండి, గాలే."

"ఉల్లిపాయ వాసన చూపించండయ్యా."

"కాస్త ఊపిరాడనివ్వండి, జరగండి" అంటోంది ఒక ఆడగొంతు. అతని తల ఆవిడ ఒడిలో ఉంది. గెలలు మోసే మనిషి కాబోలు, చేతులు అరటి జిగురుతో నల్లగా ఉన్నాయి.

కండక్టరు గొంతు వినిపించింది. "నరసాపురంలో ఎక్కాడండి. తాళ్ళ కొట్టు వెంకటరత్నం గారబ్బాయి. పాపం, మాటా పలుకూ సరిగా లేని కుర్రాడు. తిరుగు బస్సు ఎక్కించి ఇంటికి పంపించేద్దాం."

"అదే మంచిది. ఒక మనిషిని తోడిచ్చి పంపండి."

"చెయ్యి కట్టెయ్యాలేమో, మళ్ళీ వస్తే?"

అన్నీ అతని తల మీదుగా నడుస్తున్నాయి. నాలుక మందంగా ఉంది, మాట పెగలడం లేదు. తిరుగు బస్సు అటువైపు వచ్చి ఆగనే ఆగింది. ఇద్దరు మగవాళ్ళు వంగి అతని చంకల కింద చేతులు వేశారు. ఇంకో క్షణంలో అతన్ని ఎక్కించేస్తారు. సాయంత్రానికి మళ్ళీ ఆ చాప, మళ్ళీ ఆ మోకుల చుట్టలు, ఇక జన్మలో బయటికి పంపరు.

"ఆగండి" అన్నాడు.

అతని గొంతు అతనికే కొత్తగా ఉంది. "నాకు మూర్ఛ ఉందండి" అన్నాడు. "గాలి కాదు. చిన్నప్పటినుంచీ ఉంది. కాసేపట్లో తగ్గుతుంది. నేను రాజమండ్రి వెళ్ళాలి. డాక్టరు గారి దగ్గరికి."

జనం ఒక అడుగు వెనక్కి జరిగారు. చంకల కింద చేతులు వేసినవాళ్ళు చేతులు తీసేసి పంచెలకి తుడుచుకున్నారు. ఆడమనిషి మాత్రం కదల్లేదు. "ముందు కూర్చో బాబూ. తల తిరుగుతోందా?" అంది. "తోడు లేకుండా ఎవరు పంపారయ్యా నిన్ను?"

"మా నాన్నగారండి."

"ఆయ్, మగాళ్ళ పనులిలాగే ఉంటాయి" అంది. ఎవరి దగ్గరో ఒక లుంగీ అడిగి తెచ్చి, గెలల గుట్ట చాటున మార్చుకోమంది. అతను వచ్చిన బస్సు అప్పటికే కదిలిపోయింది. వెనకాల ఇంకో రాజమండ్రి బస్సు రాగానే చెయ్యి పట్టుకుని ఎక్కించి, "ఈ బాబుకి మూర్ఛంట, కాస్త చూసుకోండి!" అని బస్సంతా వినపడేలా కేకేసింది. బస్సులో తలలన్నీ ఇటు తిరిగాయి. పక్క సీట్లో కూర్చున్నాయన లేచి ముందుకెళ్ళి నిలబడ్డాడు. గున్నేశ్వరరావు పరాయి లుంగీలో, ఎదుటి సీటు కమ్మీ పట్టుకుని, రాజమండ్రి దాకా తల ఎత్తలేదు.

*

"పాత మాత్ర మానేశానంటున్నావు, ఎవరు మాన్పించారు?" అని అడిగింది సంపూర్ణమ్మ గారు, అతని కణత మీద గాయం చూస్తూ.

"నేనేనండి. కొత్తది వేసుకుంటే చాలనుకున్నాను."

"చెప్పాను కదయ్యా, ఒక్కసారిగా మానకూడదని."

"వినలేదండి" అన్నాడు. "ఎప్పుడూ అమ్మే వింటుంది."

ఆవిడకి కోపం వచ్చిందేమోనని చూశాడు. ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. "నేనూ తొందరపడ్డాను. ఇంతకాలం ఒకరి చేతిలో ఉన్నవాణ్ణి ఒక్క పూటలో ఒంటరిగా రమ్మన్నాను" అంది. తర్వాత రెండు మాత్రలూ బల్ల మీద పెట్టింది. "ఇదేంటి?"

"ఫినో... ఫినోబార్బిటోన్."

"ఎప్పుడు?"

తప్పు చెప్పాడు. ఆవిడ సరిదిద్దింది. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ తప్పింది. బయట జనం విసుక్కుంటున్నా, అతను తడుముకోకుండా చెప్పేదాకా వదల్లేదు. సాయంత్రం కాంపౌండరు చేత నరసాపురం బస్సు ఎక్కించింది.

అతనికన్నా ముందే కబురు నరసాపురం చేరింది. తిరుగు బస్సు కండక్టరు బజారంతా చెప్పాడు. గున్నేశ్వరరావు దిగేసరికి అన్నపూర్ణమ్మ కొట్టు ముందు మోకు చుట్ట మీద కూర్చుని ఉంది. ఆవిడ ఎప్పుడూ కొట్టుకి వచ్చే మనిషి కాదు. చుట్టూ జనం ఉన్నారు. వెంకటరత్నం లోపల, చీకట్లో నిలబడి ఉన్నాడు. ఆవిడ కొడుకుని చూసి లేచింది. కొట్టలేదు, ఏడవలేదు. మణికట్టు పట్టుకుని ఇంటికి నడిపించుకుపోయింది.

పెరట్లో పీట మీద కూర్చోబెట్టి, వేణ్ణీళ్ళతో కణత కడిగింది. జుట్టులోంచి ఎండుటాకు ముక్కలు ఏరింది.

"ఎవరు పట్టుకున్నారు నిన్ను?" అని అడిగింది.

"ఎవరో అమ్మా. అరటి గెలల దగ్గర ఒకావిడ."

"పేరేంటి?"

"అడగలేదు."

"నీ తల ఎవరి ఒళ్ళో ఉందో కూడా తెలీదన్నమాట" అంది. మళ్ళీ చెంబు ముంచి కణత మీద నీళ్ళు పోసింది. 

"బియ్యంలోంచి ఆ సీసా తీసింది నేనే" అన్నాడతను.

"తెలుసు."

అతను తలెత్తి చూశాడు.

"బియ్యం కదిలిందని ఆ రోజే చూశాను. మాత్రలు తగ్గుతున్నాయి. పోనీలే, రెండూ పడుతున్నాయి కదా, నేను ఇచ్చినట్టూ ఉండదు, ఇవ్వనట్టూ ఉండదు అని ఊరుకున్నాను. నాది ఉమ్మేస్తున్నావని నాకేం తెలుసురా!"

డాక్టరు గారు చెప్పింది అదే, రెండూ కలిపి వేసుకోమని. ఒక్క ఇంట్లో ఉండి, ఒకరికి తెలియకుండా ఒకరు అంత పనీ చేసి, ఇద్దరూ కలిసి అతన్ని రావులపాలెం రోడ్డు మీద పడేశారు. అతను ఆ మాట అనలేదు. ఆవిడకీ అర్థమైనట్టే ఉంది, చెంబు కింద పెట్టేసింది.

"పదకొండేళ్ళు దాచాను. ఇవాళ చేపలమ్మేవాళ్ళకి కూడా తెలిసిపోయింది."

"నేనే చెప్పానమ్మా. మూర్ఛ అని."

"ఆ మాట అనకు."

"దాని పేరు అదేనమ్మా."

ఆవిడ పీట పక్కన నేల మీదే కూర్చుండిపోయింది. "చిన్నపిల్లాడివైతే పోతుందన్నారురా" అంది. "నువ్వు పెద్దవాడివైపోతే ఇంక అది పోదు."

 ఆవిడ తనని గుమ్మం దాటనివ్వని మనిషని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఆవిడ మాత్రం ఏ గుమ్మం దాటింది? అతను ఇంట్లో ఉన్నంతసేపూ అతని "ఊ" వినపడని చోటికి ఆవిడ ఈ పదకొండేళ్ళలో వెళ్ళలేదు.

మర్నాడు మాత్రల సీసాలు రెండూ అతని చేతికి వచ్చాయి. ఆవిడ ఇష్టంగా ఇవ్వలేదు. అతను పడుకునే చాప మీద పడేసి వెళ్ళింది. ప్రతి నెలా రాజమండ్రి ప్రయాణం జరిగింది. ఆవిడ కూడా వచ్చేది. లోపలికి మాత్రం రాలేదు. పాత మాత్ర ఆ ఏడాదంతా పట్టింది తగ్గడానికి. మూర్ఛలు తగ్గాయి గానీ పోలేదు. మాట బయటపడ్డాక కొంతమంది తమ పిల్లల్ని కొట్టుకి పంపడం మానేశారు. ఒకాయన ఎప్పటినుంచో కొనే తారు ఇంకో కొట్టులో కొనడం మొదలుపెట్టాడు. వెంకటరత్నం కొట్టు వెనకున్న చాప తీసి ముందు భాగంలో వేశాడు. గున్నేశ్వరరావు అక్కడ కూర్చుని మోకులు కొలవడం నేర్చుకున్నాడు. చూసేవాళ్ళ కళ్ళు అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది. కొన్నాళ్ళు వెనక చీకటిలో ఉన్నదే నయమనిపించేది.

పొద్దున్న అతను మాత్ర అరచేతిలో వేసుకునేసరికి అన్నపూర్ణమ్మ మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి నిలబడేది. గ్లాసు ఇచ్చాక కూడా కదిలేది కాదు. అతను మింగాక నోరు తెరిచి చూపించక్కర్లేదని తెలిసినా ఒక్క క్షణం ఆగేది. అతను వెళ్ళమనలేదు. ఇద్దరూ అలా నిలబడి ఉండగా వెంకటరత్నం వీధి గుమ్మంలోంచి, "గున్నా, పొద్దెక్కుతోంది, కొట్టు తియ్యాలి" అని పిలిచేవాడు.